అట్లాంటా దగ్గర సదరన్ బ్రేక్‌ఫాస్ట్ హోటల్: బిస్కెట్‌కి ఫుల్ మార్కులు, గ్రేవీకి సున్నా

అట్లాంటా పక్కన మేముండే ఊళ్ళో ఓ పాత సదరన్ (అంటే అమెరికా దక్షిణాది) బ్రేక్‌ఫాస్ట్ హోటల్ ఉంది, పొద్దున 6కే తెరిచి మధ్యాహ్నం 2కి కట్టేస్తారు, వీకెండ్ అయితే లైన్ పార్కింగ్ దాకా ఉంటుంది. ఇక్కడ తినాల్సింది ఒక్కటే, బటర్‌మిల్క్ బిస్కెట్. పాన్‌కేకులూ ఆమ్లెట్లూ ఎక్కడైనా దొరుకుతాయి, వాటికోసం ఇంతసేపు నిలబడక్కర్లేదు.

కొత్తగా వచ్చిన మనవాళ్ళకి ముందే చెప్తున్నా, ఇక్కడ బిస్కెట్ అంటే మన మేరీ, పార్లే-జీ టైపు కాదు. వాటిని వీళ్ళు కుకీలంటారు, ఉప్పగా ఉంటే క్రాకర్లంటారు. కుకీ డచ్చివాళ్ళ మాట, చిన్న కేకు అని అర్థం, న్యూయార్క్ ఒకప్పుడు వాళ్ళ చేతిలోనే ఉండేది కదా, అలా అమెరికా ఇంగ్లీషులోకి దూరింది. బిస్కెట్ మాత్రం లాటిన్ నించి ఫ్రెంచి మీదుగా వచ్చింది, రెండుసార్లు కాల్చింది అని అర్థం. రొట్టెని ఒకసారి కాల్చి మళ్ళీ పొయ్యిలో పెట్టి తడంతా ఆరబెడితే నెలల తరబడి పాడవదు, ఓడల్లో వెళ్ళేవాళ్ళకి అదే తిండి. 1755లో శామ్యూల్ జాన్సన్ తన డిక్షనరీలో కూడా సముద్రం మీదకి పట్టుకెళ్ళే గట్టి ఎండు రొట్టె అనే రాశాడు. ఆ లెక్కన అసలు బిస్కెట్ అని పిలవాల్సింది మన టీ కొట్టు రస్కుని. ఈ హోటల్‌వాళ్ళు ఒక్కసారే కాల్చి మెత్తగా, పొగలు కక్కుతుండగా తెస్తారు, పేరుకీ పదార్థానికీ సంబంధమే లేదు.

కానీ రుచి ఉంది చూశారూ, అదిరింది. పైన ఎర్రగా కాలి, అడుగున కరకరలాడుతూ, చేత్తో విడదీస్తే పొరలు పొరలుగా ఊడొస్తుంది. కౌంటర్ దగ్గర కూర్చుంటే చేసేది కనపడుతుంది, చల్లటి వెన్న ముక్కలు పిండిలో వేళ్ళతో నలిపి, మజ్జిగ పోసి, ఎక్కువ పిసక్కుండా మడతలేసి గుండ్రంగా కోస్తారు. ఓవెన్ వేడికి వెన్నలో నీళ్ళు ఆవిరై పొరలు లేస్తాయి, మజ్జిగ పులుపు వంటసోడాతో కలిసి పొంగిస్తుంది. వెనకాల షెల్ఫులో వైట్ లిల్లీ పిండి బ్యాగులుంటాయి, 1883లో టెనసీలో మొదలైన బ్రాండ్, మెత్తరకం గోధుమ పిండి. ఇంట్లో ట్రై చేసేవాళ్ళు ఆ పిండే కొనండి, బ్రెడ్ పిండితో చేస్తే సాగుతుంది.

ఇక గ్రేవీ. పేరు విని మన కూర గ్రేవీ ఊహించుకోకండి, మైదా, పాలు, మిరియాలు, అందులో పంది సాసేజ్ ముక్కలు, తెల్లగా చిక్కగా బిస్కెట్ మీద పోసేస్తారు. చప్పిడి. మెనూలో పోర్క్ అని ఎక్కడా లేదు, అడిగితే గానీ చెప్పలేదు, ఒక స్టార్ దానికే కట్. శాకాహారులు ఇంకోటి కూడా అడగాలి, కొన్ని హోటళ్ళలో వెన్న బదులు పంది కొవ్వే వేసి బిస్కెట్లు చేస్తారు, ఇక్కడైతే వెన్నేనన్నారు.

మా నాన్నగారు రాజమండ్రి నించి వచ్చినప్పుడు తీసుకెళ్తే "బిస్కెట్టన్నావు, మరి టీ ఏదిరా" అన్నారు. టీ అడిగితే ఐసు ముక్కలేసి పంచదార పాకంలాంటి గ్లాసు తెచ్చిపెట్టారు, ఈ సౌత్‌లో టీ అంటే అదే మరి! ఆయన ఓ గుక్క తాగి పక్కన పెట్టేసి బిస్కెట్ మాత్రం తేనె, వెన్న రాసుకుని రెండూ లాగించారు. సర్వీసు బాగుంటుంది, సర్వరావిడ మాటకోసారి హనీ, స్వీటీ అంటూ మనకి బిస్కెట్లు వేస్తూనే ఉంటుంది, టిప్పు కోసమేలెండి.

పార్సిల్ మాత్రం వద్దు, మర్నాటికి గట్టిపడిపోతాయి. 1991లో ఇంగ్లండులో జాఫా కేకు అని పైన చాక్లెట్ పూసిన ఓ చిరుతిండి కేకా బిస్కెట్టా అని ట్యాక్సు గొడవ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది, కేకులకి వ్యాట్ లేదు, చాక్లెట్ పూసిన బిస్కెట్లకి ఉంది. నిలవుంటే కేకు గట్టిపడుతుంది, బిస్కెట్ మెత్తబడుతుంది అనేది అక్కడ చూసిన పాయింట్లలో ఒకటి, చివరికి కేకే అని తేల్చారు. ఆ రూలు పెడితే మా హోటల్ సరుకు కూడా కేకే! మిగిలిపోతే మైక్రోవేవ్ వద్దు, అడ్డంగా కోసి పెనం మీద వెన్నతో కాల్చుకోండి.

రెండు బిస్కెట్లు, రెండు గుడ్లు, కాఫీ కలిపి టిప్పు కాకుండా 14 డాలర్లు. ఆదివారం చర్చి వదిలే టైముకి మాత్రం వెళ్ళకండి, గంట పోతుంది.