ఆరేళ్లుగా కంప్యూటర్ కేస్ షీట్‌తో: ఎముకల వార్డు నర్సు సమీక్ష

నేను హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సును. మా వార్డులో కాగితపు కేస్ షీట్లు పోయి కంప్యూటర్ రికార్డు వచ్చి ఆరేళ్లు దాటింది. అంకెల విషయంలో ఈ రికార్డుకు నేను వంక పెట్టలేను; మాటల విషయంలో మాత్రం దాన్ని మేమే దారిలో పెట్టుకోవలసి వచ్చింది.

బీపీ, నాడి, శ్వాస, ఆక్సిజన్, జ్వరం, స్పృహ నమోదు చేయగానే రోగి పరిస్థితి విషమిస్తోందేమో ముందే హెచ్చరించే న్యూస్2 స్కోరు దానంతట అదే వస్తుంది. మొత్తం 5కు చేరితే డాక్టరును వెంటనే పిలవాలి, 7కు చేరితే అత్యవసర బృందం రావాలి. రాత్రి డ్యూటీలో కూడిక తప్పు పడకపోవడం చిన్న మేలు కాదు. ఇన్‌టేక్, ఔట్‌పుట్ (ఒంట్లోకి వెళ్లే, బయటికి వచ్చే ద్రవాల) లెక్క కూడా అంతే.

చిక్కంతా నర్సింగ్ నోట్స్‌లో ఉండేది. వెనకటి షిఫ్టు నోట్‌ను ఉన్నదున్నట్టు దింపుకునే కాపీ బటన్ ఒకటి ఉండేది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన ఒక పెద్దాయనకు ఉదయం ఒళ్లు తుడుస్తుండగా, మడమ మీద వేలితో నొక్కినా తెల్లబడని ఎర్రమచ్చ కనిపించింది. రికార్డు తెరిచి చూస్తే అంతకుముందు మూడు షిఫ్టుల్లోనూ ‘స్కిన్ ఇంటాక్ట్’ (చర్మం బాగానే ఉంది) అనే ఉంది, అదీ ఒకే అక్షరదోషంతో. ఆ మూడింటిలో ఒకటి నేను పెట్టినదే. అలాంటి మచ్చ మంచాన పడినవారికి వచ్చే ఒత్తిడి పుండుకు తొలి గుర్తు. ఆ పుండు పడే ప్రమాదాన్ని కొలిచే బ్రేడెన్ స్కోరు తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఆయన మంచం మీద కదల్లేని స్థితికి వచ్చినా, చేరిన రోజు వేసిన 17 అలాగే కొనసాగింది. ఆ తర్వాత ఇన్‌చార్జి సిస్టర్ పట్టుబట్టి చర్మం, నొప్పి, స్పృహ అనే మూడు చోట్ల ఆ బటన్ తీయించారు. ప్రతి షిఫ్టుకు రెండు మూడు నిమిషాల పని పెరిగింది, అయినా ఈ ఆరేళ్లలో జరిగిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే.

పని జరిగిన సమయానికీ టైప్ చేసిన సమయానికీ వేర్వేరు గడులు పెట్టించడం రెండో మార్పు. రాత్రి 2 గంటలకు చేసిన ఇంజెక్షన్‌ను 4 గంటలకు ఎక్కిస్తే, లోగడ తర్వాతి డోసు లెక్క 4 నుంచే మొదలయ్యేది.

ఇంకా తీరని లోటు ఒకటుంది. నొప్పికి 0 నుంచి 10 వరకు అంకె, పక్కన నాలుగైదు ఇంగ్లిష్ మాటల జాబితా తప్ప మరేమీ లేదు. మా రోగులు సలుపు, పోటు, మంట, తిమ్మిరి అని విడివిడిగా చెబుతారు, కట్టు వేసిన కాలి విషయంలో ఆ తేడాకు చాలా అర్థం ఉంది. అందుకే కింది ఖాళీ గడిలో రోగి అన్న మాటనే తెలుగులో రాస్తున్నాను. ఒక రాత్రి ‘కట్టు కింద తిమ్మిరి, వేళ్లు చల్లగా ఉన్నాయి’ అన్న నా నోట్ చూసి, కట్టు బిగిసి రక్తం సరిగా అందడం లేదేమోనని డ్యూటీ డాక్టరు ఉదయం రౌండ్స్ దాకా ఆగకుండా వచ్చి ఆ పిండికట్టును చీల్చి వదులు చేశారు.