లోన్ మాడిఫికేషన్: ఆరేళ్లు కట్టాక నా అనుభవం

అమెరికాలో మా ఇంటి లోన్ కిస్తీలు కట్టలేక, దాని షరతులు మార్పించుకున్నాం. దాన్నే లోన్ మాడిఫికేషన్ అంటారు. ముందు లెక్క చెప్పేస్తాను. అసలు, వడ్డీ కలిపి నెలకు 1,690 డాలర్లు కట్టేవాళ్లం. అది 1,353కి దిగింది. ఇంకో 24 ఏళ్లలో తీరాల్సిన అప్పు మాత్రం మళ్లీ మొదటి నుంచి 40 ఏళ్లకు సాగింది. చివరిదాకా ఇలాగే కడితే అదనంగా పోయేది లక్షన్నర డాలర్ల పైమాటే. అయినా ఇల్లు చేజారలేదు. పరిస్థితి మళ్లీ వస్తే మళ్లీ ఇదే దారి పడతాను, కాకపోతే ముందుగా.

మా ఆయన ఉద్యోగం 2018 మేలో పోయింది. ఆగస్టులో ఇంకోటి దొరికినా జీతం పావు వంతు తగ్గింది. జూన్ నుంచి కిస్తీలు ఆగిపోయాయి. కిస్తీలు వసూలు చేసే కంపెనీ (సర్వీసర్) ఫోన్ చేస్తే రెండు నెలలు ఎత్తలేదు. చేసిన తప్పుల్లో పెద్దది అదే. కిస్తీ ఆగి 120 రోజులు దాటేదాకా ఫోర్‌క్లోజర్ (బాకీ కింద ఇల్లు లాక్కోవడం) మొదలుపెట్టకూడదని 2014 నుంచి ఫెడరల్ రూల్ ఉంది. ఆ 120లో సగం రోజులు నేనే పారేసుకున్నాను.

దారి చూపింది హెచ్‌యూడీ (అమెరికా ప్రభుత్వ గృహ శాఖ) ఆమోదం ఉన్న హౌసింగ్ కౌన్సెలర్. మా దగ్గర పైసా తీసుకోలేదు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "మీ లోన్ ఓనర్ ఎవరు?" ప్రతి నెలా డబ్బు తీసుకునే కంపెనీయే అనుకున్నాను. కాదట, అది వసూలు చేసే సర్వీసర్ మాత్రమే. బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే అనే సంస్థ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే మా లోన్ వాళ్లదని తేలింది. ఫ్యానీ లోన్లకు, అలాంటిదే ఇంకో సంస్థ ఫ్రెడ్డీ మాక్ లోన్లకు ఫ్లెక్స్ మాడిఫికేషన్ అనే పథకం ఉంది. ప్రభుత్వ హామీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ లోన్ల పద్ధతులు వేరు. ఎవరిదో తెలియకుండా ఫోన్ చేస్తే ఏం అడగాలో కూడా తెలియదు.

ఎందుకు కట్టలేకపోయామో చెప్పే హార్డ్‌షిప్ లెటర్ మూడు పేజీలు రాశాను, మా కష్టాలన్నీ గుక్కతిప్పుకోకుండా. ఆవిడ అరపేజీకి కుదించారు: ఉద్యోగం పోయిన తేదీ, దొరికిన తేదీ, పాత జీతం, కొత్త జీతం, ఇప్పుడు నెలకు ఎంత కట్టగలం. అంతే.

అసలు నరకం కాగితాలతో. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఆరు పేజీలు. ఆరో పేజీలో ఏమీ లేదని ఐదే పంపాను. "అప్లికేషన్ అసంపూర్తిగా ఉంది" అని ఉత్తరం. ఆ ఖాళీ పేజీ పంపేసరికి పే స్టబ్ (జీతం చీటీ) పాతదైపోయింది, కొత్తది అడిగారు. ఫోన్ ఎత్తే మనిషి మూడుసార్లు మారాడు, ప్రతిసారీ కథ మొదటి నుంచీ. అప్పటి నుంచి ప్రతి పేజీ మీద లోన్ నంబర్ రాసి, ఎవరితో ఏ రోజు మాట్లాడానో నోట్‌బుక్‌లో పెట్టాను. మీ చేతికి రావాల్సింది "అప్లికేషన్ పూర్తయింది" అనే ఉత్తరం. ఇంటి వేలానికి 37 రోజుల కంటే ముందే అన్నీ అందితే, 30 రోజుల్లో వాళ్లు తేల్చి చెప్పాలి.

ఈలోగా పోస్టులో ఇంకో రకం ఉత్తరాలు దిగాయి: ముందు ఫీజు కడితే మాడిఫికేషన్ గ్యారంటీ అని. ఆఫర్ తెచ్చి, దాన్ని మనం ఒప్పుకునేదాకా అలాంటి కంపెనీలు ఫీజు తీసుకోకూడదని ఫెడరల్ రూల్ ఉంది. చెత్తబుట్టలో వేశాం.

ఆఫర్ వచ్చాక అక్టోబర్, నవంబర్, డిసెంబర్ ట్రయల్ కిస్తీలు, అంటే కొత్త మొత్తం కట్టగలమో లేదో చూసేవి. ఒక్కటి ఆలస్యమైనా ఆఫర్ పోతుందని భయపడి, గడువుకు వారం ముందే కట్టాను. 2019 జనవరి నుంచి కొత్త లోన్. కట్టని బాకీ అసలులో కలిసింది. 3,05,000 దగ్గరున్నది 3,12,000 అయింది. వడ్డీ రేటు మారలేదు, తగ్గిందంతా గడువు సాగదీయడం వల్లే.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఎస్క్రో, అంటే ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ కోసం కిస్తీతో పాటు నెలనెలా తీసుకునే డబ్బు. తగ్గింది అసలు, వడ్డీ మాత్రమే. ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వాటి దారిన అవి పెరుగుతాయి. రెండో ఏడాదే ఎస్క్రో షార్టేజ్ అని నెలకు ఇంకొంత వేశారు. తగ్గిన కిస్తీ చూసి మురిసిపోయి కొత్త కారు గురించి మాట్లాడుకుంటున్న రోజుల్లోనే ఆ ఉత్తరం వచ్చింది.

మూడేళ్లుగా నెలకు 200 డాలర్లు అసలుకి విడిగా కడుతున్నాను. మొదటిసారి దాన్ని వచ్చే నెల కిస్తీ కింద జమ చేసుకున్నారు. ఇప్పుడు ప్రతిసారీ "అసలుకి మాత్రమే" అనే గడిలోనే వేస్తాను. స్టేట్‌మెంట్ రాగానే ముందు చూసేది ఆ అంకెనే.