గెఘార్డ్‌కి ప్యాకేజీలో వెళ్లకండి

ఆర్మేనియా వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నాను, కొండను తొలిచిన పాత క్రైస్తవ మఠం గెఘార్డ్‌కి ప్యాకేజీ టూరు కట్టకండి. రాజధాని యెరెవాన్‌లో మనిషికి 9,000 ద్రాములు (సుమారు రెండు వేల రూపాయలు) తీసుకున్నారు. దారిలో ఒక వైన్ దుకాణంలో గంటన్నర కూర్చోబెట్టి, మఠం దగ్గర మాత్రం ముప్పావుగంటలో బస్సెక్కేయాలన్నాడు గైడు. కమీషన్ కక్కుర్తి! మోకాళ్ల నొప్పులతో అత్తయ్య మెట్ల దాకా వచ్చేసరికే హారన్ కొట్టారు. "సీసాలు చూడ్డానికా ఇంత దూరం తెచ్చావు?" అని ఆవిడ మా ఆయన్ని కడిగేశారు.

మర్నాడు సొంతంగా టాక్సీ మాట్లాడుకున్నాం. ముగ్గురికీ కలిపి రానూపోనూ, ఆగినందుకూ 14,000 ద్రాములు. మఠానికి టికెట్ లేదు. పొద్దున్నే వెళ్లడంతో జనమూ లేరు.

బయట కనిపించే పెద్ద గుడి 1215 నాటిది, రాళ్లు పేర్చి కట్టింది. అసలు అద్భుతం దాని వెనక కొండలో ఉంది. ఉండవల్లి గుహలు చూసినదాన్ని కాబట్టి కొండ తొలవడం నాకు కొత్త కాదు. కానీ ఇక్కడ స్తంభాలు, కమానులు, గుమ్మటం అన్నీ కట్టిన గుడిలో ఉన్నట్టే కొండ లోపల చెక్కారు. వెలుతురు గుమ్మటం నడినెత్తిన వదిలిన రంధ్రంలోంచే వస్తుంది. ఒక గుహాలయంలో శిల్పి గల్జాక్ పేరు చెక్కి ఉంది. ప్రోష్ అనే ప్రభువు వంశీకుల సమాధి గదిలో గోడ మీద గొలుసులు కట్టిన రెండు సింహాలు, కింద గొర్రెపిల్లను పట్టుకున్న గద్ద. అది వాళ్ల వంశచిహ్నం. ఈ గోడ ముందే మా ముప్పావుగంట అయిపోయేది!

బయటి మెట్లెక్కి, గోడల నిండా శిలువలు చెక్కిన ఇరుకు దారిలో వెళితే 1288లో తొలిచిన పై మందిరం వస్తుంది. నాలుగు లావుపాటి స్తంభాలు, ఒక మూల నేలలో కన్నం. అందులోంచి చూస్తే కింద సమాధి గది కనిపిస్తుంది. అత్తయ్య మెల్లగా మోహన రాగం అందుకున్నారు. ఆవిడ ఆపినా స్వరం ఆగలేదు, స్తంభాల చుట్టూ తిరుగుతూనే ఉంది. ఇద్దరు ఆర్మేనియన్ ఆడవాళ్లు దగ్గరకొచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నారు. అప్పటినుంచి మా ఆయన మీద కోపం మాయం.

వేసవిలోనూ శాలువా తీసుకెళ్లండి, లోపల చలి. గేటు బయట ఆడవాళ్లు అమ్మే గాతా అనే తియ్య రొట్టె తప్పక కొనండి. మాకు 1,500 పడింది, ముగ్గురం తిన్నా మిగిలింది. తిరుగుదారిలో వచ్చే గర్నీ అనే ప్రాచీన గుడికి టికెట్ ఉంది. సమయం చాలకపోతే దాన్నే తగ్గించుకోండి, గెఘార్డ్‌కి రెండు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు.