ముసలి పికప్‌కు పైపనా, హాఫ్ ఇంజనా, ఫుల్ ఇంజనా: ఏది మేలు?

పన్నెండేళ్లు దాటిన బొలెరో పికప్ పొగ కొట్టడం మొదలెడితే శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా షెడ్డులో ముందుగా వినిపించే మాట "హాఫ్ ఇంజన్ చేసేద్దాం". ఫుల్ ఇంజన్ కన్నా ఖర్చు తక్కువ, బండి తొందరగా బాడుగకెళ్తుంది. కానీ బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం, కొలవకుండా చేసిన హాఫ్ ఇంజన్ అన్నిటికన్నా ఖరీదైన పని. కొన్ని నెలలకే పొగ మళ్లీ మొదలవుతుంది, ఫుల్ ఇంజన్ డబ్బు విడిగా పెట్టాల్సొస్తుంది.

పైపని అంటే ఇంజన్ పైభాగమైన హెడ్ ఒక్కటే దించి వాల్వు ల్యాపింగ్ (వాల్వులను సీటులో నూరడం), గైడ్లు, సీల్స్, ఫేసింగ్ (హెడ్ అడుగు చదును చేయడం), కొత్త గ్యాస్కెట్. హాఫ్ ఇంజన్‌లో దానికి తోడు కింద ఆయిల్ ఉండే చాంబర్ విప్పి పిస్టన్ రింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు వేస్తారు. ఫుల్ అంటే ఇంజన్ దించి, బ్లాకును లేత్‌కు పంపి రీబోరు (రంధ్రాన్ని కోసి పెద్దది చేయడం) లేదా లైనర్లు (కొత్త గొట్టాలు దించడం), కొత్త పిస్టన్లు, క్రాంకు గ్రైండింగ్, మెయిన్ బేరింగులు, ఆయిల్ పంపు. నాలుగో దారి ఆటోనగర్ నుంచి పాత ఇంజన్ తెచ్చి వేసుకోవడం.

పొగను ఎక్కడ చూడాలి

నీలం పొగంటే ఆయిల్ కాలుతోందని అందరికీ తెలుసు. ఆ ఆయిల్ ఎటునుంచి వస్తోందన్నదే అసలు ప్రశ్న. సాలూరు దాటి సుంకి ఘాట్ మీద లోడుతో వెళ్లే బండికి ఈ పరీక్ష తేలిక. ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ నీలం పొగ వస్తే అనుమానం రింగుల మీద. గేరులోనే కిందికి దిగి, దిగాక ఒక్కసారి తొక్కితే గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్లు, సీల్స్. రెండోదానికి పైపని చాలు, కింద చెయ్యి పెట్టనక్కర్లేదు.

ఇంజన్ విప్పేముందు, ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో చూడాలి, చాలాచోట్ల మరచిపోయేది ఇదే. టర్బో నుంచి వెళ్లే గాలి పైపు ఊడదీస్తే లోపల సన్నని ఆయిల్ పొర ఉండటం మామూలే, మడుగు కట్టి ఉంటే సీలు పోయినట్టు. షాఫ్టును వేళ్లతో ముందుకూ వెనక్కూ లాగితే కదలిక తెలియకూడదు, రెక్కలు హౌసింగ్‌కు రాసుకున్న గుర్తులుండకూడదు. టర్బో తప్పుకు రింగులు మార్చిన బండి ఎప్పటిలాగే పొగ కొడుతుంది.

తెల్ల పొగతోపాటు రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్. పొద్దున్నే చల్లని ఇంజన్‌కు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో ఆగకుండా బుడగలొస్తాయి. వేడి మీద మూత ముట్టుకోవద్దు. నీళ్లు తగ్గకుండా పొద్దుటిపూట మాత్రమే తెల్ల పొగైతే డీజిల్ చిమ్మే నాజిల్స్ చూపించండి. నల్ల పొగకు ముందు ఎయిర్ ఫిల్టరు, తర్వాత నాజిల్స్, టర్బో గొట్టాల లీకు. పొద్దుటి తెల్ల పొగకూ ఈ నల్ల పొగకూ ఇంజన్ పని అక్కర్లేదు.

గేజీ చెప్పే మాట

బ్యాక్ కంప్రెషన్ (రింగుల సందుల్లోంచి గ్యాసు కిందికి దిగడం) తెలియాలంటే ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి రంధ్రం మీద బోర్లా పెట్టండి. మూత ఎగిరెగిరి పడుతుంటే కింద పని ఉంది. అయితే లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయినా ఇలాగే ఉంటుంది, కాబట్టి ముందు దాన్ని శుభ్రం చేయించి మళ్లీ చూడాలి.

తర్వాత కంప్రెషన్ టెస్టు. డీజిల్ ఇంజన్‌కు 70 బార్ వరకు చూపే గేజీ కావాలి, పెట్రోలు గేజీ పగిలిపోతుంది. ఇంజన్ వేడిగా, బ్యాటరీ నిండా ఉండాలి. డీజిల్ సప్లై ఆపి, ఒక్కో సిలిండర్‌కు సెల్ఫ్ మోటర్‌తో ఐదారు దెబ్బలు తిప్పండి. 28 బార్ దగ్గర ఉంటే బాగున్నట్టే. 20కి దిగితే చలిలో స్టార్టింగ్ కష్టం. అంకె కన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పక్కపక్కనున్న రెండు మాత్రమే పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ ఊదేసిందనుకోవచ్చు, పైపని. ఒక్కటే పడిపోతే ఒక టీ స్పూను ఆయిల్ వేసి మళ్లీ తిప్పండి, రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. స్పూనుకు మించి పోయొద్దు, డీజిల్‌లో పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ, రాడ్డు వంగిపోవచ్చు.

ఆయిల్ ప్రెషర్‌కూ గేజీ పెట్టించండి. 15డబ్ల్యూ40 ఆయిల్, ఫిల్టరు కొత్తవి వేశాక కూడా వేడి ఇంజన్ 2,000 ఆర్పీఎంలో 2 బార్ చూపకపోతే బేరింగులో ఆయిల్ పంపో అరిగాయి. ఆ ఇంజన్‌కు పైపని చేయిస్తే డబ్బు నీళ్లపాలు.

హాఫ్ ఎప్పుడు సరిపోతుంది

హెడ్ తీశాక బోరు గేజీతో ఒక్కో సిలిండర్‌ను పైన, మధ్యన, కింద మూడుచోట్ల, క్రాంకు పొడవు వైపు ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలవాలి. నాలుగు సిలిండర్లకు 24 రీడింగులు, గంట పని కూడా కాదు. ఒకే సిలిండర్ రీడింగుల మధ్య తేడా 0.10 మిల్లీమీటర్లు దాటితే హాఫ్ ఇంజన్ మాట వదిలేయండి. గుండ్రంగా లేని బోరులో గుండ్రటి కొత్త రింగు ఆనదు. పై రింగు పైదాకా వెళ్లి వెనక్కి తిరిగే చోట గోటికి మెట్టు తగిలినా అంతే.

బోరు నిలిచిందా, అప్పుడు హాఫ్ మంచి బేరమే. హోనింగ్ (గోడ మీద సన్నని గీతలు పెట్టడం) చేయించాలి, లేకపోతే అద్దంలా నునుపెక్కిన గోడ మీద ఆయిల్ నిలవదు. కొత్త రింగును బోరులో పెట్టి, పిస్టన్ తలతో రెండు అంగుళాలు లోపలికి నెట్టి, కొసల సందు ఫీలర్ గేజీతో చూడాలి. 90 మిల్లీమీటర్ల దగ్గరి బోరుకు 0.3 నుంచి 0.5 మధ్య ఉండాలి. పాత బేరింగుల మీద రాగి రంగు తేలితే క్రాంకును మైక్రోమీటర్‌తో కొలవక తప్పదు. గ్రైండింగ్‌కు వస్తే పది, ఇరవై, ముప్పై సైజు (అంగుళంలో వెయ్యోవంతుల లెక్క) బేరింగులు దొరుకుతాయి గానీ క్రాంకు తీయాలంటే ఇంజన్ దించాలి. దించాక హాఫ్ అనడంలో అర్థం లేదు.

పాత ఇంజన్ తెచ్చుకుంటే పని తొందరగా అవుతుంది, లోపల ఏముందో మాత్రం తెలియదు. మీ సొంత ఇంజన్ రోగం మీకు తెలుసు, దాని రోగం అమ్మినవాడికే తెలుసు. బ్లాకు పగిలితేనో, రాడ్డు బయటికొస్తేనో తప్ప ఆ దారి పట్టొద్దు. పట్టినా కంప్రెషన్ చూపించమని అడగండి. ఇంజన్ నంబరు ఆర్‌సీలో మార్పించుకోవాలి, లేకపోతే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గరా ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా ఇబ్బంది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ ఏటా ఉంటుంది కదా.

ఫుల్ ఇంజన్ చేయించేముందు చాసిస్ కింద పడుకుని చూడండి. కళింగపట్నం, భావనపాడు వైపు చేపల లోడు కొట్టిన బండ్లలో ఉప్పునీరు కారి పట్టీల (లీఫ్ స్ప్రింగుల) హ్యాంగర్లు, క్రాస్ మెంబర్లు తుప్పు తినేస్తాయి. సుత్తితో కొడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది. మొద్దుగా మోగిన బండికి ఫుల్ ఇంజన్ పెట్టడం కన్నా ఉన్నది ఉన్నట్టు అమ్మేయడం నయం.

ఇంజన్ ఎందుకు పోయిందో కనిపెట్టకపోతే మళ్లీ అదే జరుగుతుంది. టెక్కలి గ్రానైట్ క్వారీల దుమ్ములో తిరిగే బండికి ఫిల్టరు తర్వాతి రబ్బరు గొట్టం చిట్లితే బోరు గీరుకుపోతుంది. హీటెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేస్తారు, అది ఇంకో తప్పు. ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, కాలని డీజిల్ గోడమీది ఆయిల్‌ను కడిగేస్తుంది. రేడియేటర్ రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించండి, థర్మోస్టాట్ కొత్తది పెట్టండి.

పని అయ్యాక మొదటి 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చాలి. 1,000 వరకు సగం లోడే. అలాగని షెడ్డు ముందు గంటలకొద్దీ ఐడిల్‌లో వదలొద్దు, రింగులు ఆనాలంటే కాస్త బరువు లాగాలి. విజయనగరం, రాజాం మధ్య తేలికపాటి లోడుతో స్పీడు పెంచుతూ తగ్గిస్తూ తిప్పండి. సుంకి ఘాట్ ఆ 1,000 అయ్యాకే.