256 జీబీ పెన్‌డ్రైవ్ మౌంట్ కావడం లేదా? లినక్స్‌ను తిట్టే ముందు దాని అసలు పరిమాణం చూడండి

పేరున్న కంపెనీల ధరలో సగానికే 256 జీబీ పెన్‌డ్రైవ్ ఆన్‌లైన్‌లో దొరికిందని సంతోషిస్తున్నవారికి ఒక మాట. వాపసు గడువు ముగిసేలోపు దాన్ని నిండా నింపి, తిరిగి చదివి చూడండి. నాలుగు ఫొటోలు ఎక్కించి బాగానే ఉందని సొరుగులో పడేయకండి. నాకు వచ్చినది 256 అని చెప్పుకుంటున్న 32 జీబీ సరుకు. అది బయటపడ్డాక అమ్మినవాళ్లు చేసిన మొదటి పని నెపాన్ని నేను వాడే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీదికి నెట్టడం. ఆ మాట నమ్మేలా ఉంటుంది. లినక్స్ వాడేవారే చాలామంది నిజమేనేమో అనుకుని ఊరుకుంటారు.

చెల్లెలి పెళ్లి వీడియోలు, స్టూడియోవారు ఇచ్చిన ఫొటోలు కలిపితే 90 జీబీకి అటూ ఇటూగా ఉన్నాయి. డాలస్‌లో ఉన్న బాబాయి వాళ్లకు, అటు వెళ్తున్న బంధువు చేతికిచ్చి పంపుదామని ఈ పెన్‌డ్రైవ్ తెప్పించాను. డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) ఉన్న ల్యాప్‌టాప్‌కు పెట్టగానే మౌంట్ అయింది, అంటే అందులోని ఫైళ్లు తెరుచుకునేలా సిస్టమ్‌కు జతపడింది. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ (ఫైళ్లను అమర్చే ఒక పద్ధతి), పరిమాణం 238 జీబీ అని చూపించింది. (ఈ తేడా మోసం కాదు. కేబీ నుంచి జీబీ దాకా ఒక్కో మెట్టును తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, లినక్స్ కమాండ్లు చాలావరకు 1024 చొప్పున లెక్కిస్తాయి. 256 అక్కడ 238 అవుతుంది. దీని మీద ఫిర్యాదు చేసి పరువు పోగొట్టుకోకండి.) కాపీ మొదటి నుంచి చివరిదాకా ఒక్క లోపం చూపకుండా పూర్తయింది. పద్ధతిగా అన్‌మౌంట్ చేసి తీశాను. ఒకసారి సరిచూద్దామని మళ్లీ పెడితే ఫైల్ మేనేజరులో దాని జాడే లేదు.

డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండు ఇచ్చి చూశాను. ఎస్‌డీబీ అనే డిస్కు ఉంది, 238 జీబీ అనే చెబుతోంది. దాని కింద ఉండాల్సిన ఎస్‌డీబీ1 అనే పార్టిషన్ (డిస్కులోని విభాగం) మాత్రం లేదు. సిస్టమ్ సందేశాల చిట్టా చూపే డీమెసేజ్ (dmesg) కమాండులో యూఎస్‌బీ పరికరాన్ని గుర్తించిన వరుసలన్నీ మామూలుగానే ఉన్నాయి. ఈ రెంటినీ కలిపి చదివితేనే విషయం తెలుస్తుంది. పోర్టో, కేబులో, విద్యుత్తు చాలని హబ్బో కారణమైతే డీమెసేజ్‌లో పరికరం తెగిపోయినట్టు, రీసెట్ అయినట్టు వరుసలు వస్తాయి, చదవడంలో లోపాలు కనిపిస్తాయి. ఫైల్ సిస్టమ్ (ఎక్స్‌ఫ్యాట్ లాంటి పద్ధతి) మన కెర్నెల్‌కు, అంటే సిస్టమ్ గుండెకాయకు, తెలియనిదైతే పార్టిషన్ కనబడుతుంది, మౌంట్ మాత్రం కాదు. ఇక్కడ జరిగింది ఆ రెండూ కాదు. పరికరం చక్కగా పలుకుతోంది, దాని మొట్టమొదటి సెక్టారులో (చిన్న ముక్కలో) ఉండే పార్టిషన్ పట్టిక తుడిచిపెట్టుకుపోయింది.

అమ్మినవాళ్లకు రాశాను. జవాబు ఇదీ: "సార్, ఇది విండోస్ కోసం చేసిన వస్తువు. లినక్స్‌లో పనిచేయకపోతే మా బాధ్యత కాదు. ఒకసారి ఫార్మాట్ చేసి చూడండి, సరిపోతుంది." ఆడలేక మద్దెల ఓడు అన్నాడట! అయినా ఈ జవాబును తేలిగ్గా తీసుకోకండి. ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఫార్మాట్ చేస్తే నిజంగానే సరిపోతుంది. ఎందుకంటే త్వరిత ఫార్మాట్ రాసేది ప్రధానంగా డిస్కు మొదటి భాగంలోనే. ఆ భాగం అసలైన మెమరీయే కాబట్టి పెన్‌డ్రైవ్ మళ్లీ కొత్తదానిలా మౌంట్ అవుతుంది, మళ్లీ 238 జీబీ ఖాళీ అని చూపిస్తుంది. మీరు శాంతిస్తారు. మళ్లీ 32 జీబీ దాటి నింపేసరికి వాపసు గడువు ఎప్పుడో దాటిపోతుంది.

ఈ మోసం వెనక ఉన్న పని చాలా సులువైనది. పెన్‌డ్రైవ్‌లో డేటా దాచే ఫ్లాష్ చిప్పు ఒకటి, దాన్ని నడిపే కంట్రోలర్ ఒకటి ఉంటాయి. నీ పరిమాణమెంత అని కంప్యూటర్ అడిగేది కంట్రోలర్‌నే. అందులోని ఫర్మ్‌వేర్‌ను (లోపలి ప్రోగ్రామును) మార్చి 32 బదులు 256 అని చెప్పిస్తారు. లినక్స్ అయినా, విండోస్ అయినా, ఫ్రీబీఎస్‌డీ లాంటి మరో సిస్టమ్ అయినా ఆ జవాబును నమ్మడమే తప్ప అప్పటికప్పుడు తేల్చుకునే దారి లేదు. అందువల్ల డీఎఫ్, ఎఫ్‌డిస్క్, ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్లు చూపించే అంకెలు మీ పెన్‌డ్రైవ్ అసలుదనడానికి సాక్ష్యం కావు. దొంగ చెప్పిన లెక్కనే అవి మనకు చదివి వినిపిస్తాయి.

అసలు చోటు అయిపోయాక ఏం జరుగుతుందనేది రెండు రకాలు. కొన్ని నకిలీలు ఆ తర్వాత వచ్చే డేటాను రాసేశామని చెప్పి పారేస్తాయి. ఫోల్డరు తెరిస్తే ఫైళ్ల పేర్లు, సైజులు అన్నీ ఉంటాయి, వీడియో మీద నొక్కితే తెరుచుకోదు. కొన్ని మాత్రం, పాత స్కూటర్ మీటరు 99999 దాటాక సున్నాకు తిరిగినట్టు, మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెడతాయి. నాది ఈ రెండో రకం. నా 90 జీబీ మొదటి 32 జీబీ మీదే పొరలు పొరలుగా పడింది, ఆ తాకిడికి పార్టిషన్ పట్టిక పోయింది. నన్నడిగితే ఈ రకమే నయం. మౌంట్ కాకుండా మొరాయించి తన గుట్టు తానే బయటపెట్టింది. మొదటి రకమైతే పెన్‌డ్రైవ్ డాలస్ చేరేది, బాబాయి తెరిచి చూసేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

పరీక్షకు ఎఫ్3 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైట్ ఫ్లాష్ ఫ్రాడ్ అనే మూడు మాటల మొదటి అక్షరాలే దాని పేరు. విండోస్‌లో ఇదే పని చేసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రత్యామ్నాయంగా వచ్చింది. డెబియన్, ఉబుంటు, ఫెడోరాల ప్యాకేజీల్లో ఇదే పేరుతో దొరుకుతుంది. ఇందులో ఎఫ్3ప్రోబ్ అనేది తొందరగా తేలుస్తుంది. డిస్కంతా నింపకుండా అక్కడక్కడా రాసి, తిరిగి చదివి, చెప్పుకున్న పరిమాణం ఎంత, వాడుకోగలిగినది ఎంత, నకిలీ అయితే ఏ రకం అని నిమిషాల్లో చెబుతుంది. దీన్ని రూట్ (సిస్టమ్ మీద పూర్తి హక్కులున్న) అధికారంతో, పార్టిషన్ మీద కాకుండా మొత్తం డిస్కు మీద నడపాలి. ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా ఉంటాయి, బూట్ అయిన ప్రతిసారీ ఒకేలా ఉంటాయన్న హామీ కూడా లేదు. పెన్‌డ్రైవ్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఎల్ఎస్‌బీఎల్‌కే ఇచ్చి, కొత్తగా వచ్చిన పేరునే వాడండి. పొరపాటున మీ హార్డ్ డిస్కు పేరు ఇస్తే జరిగే నష్టం ముందు ఈ పెన్‌డ్రైవ్ మోసం ఏపాటిది?

తిరుగులేని రుజువు కావాలంటే ఎఫ్3రైట్, ఎఫ్3రీడ్ అనే జంట ఉంది. మౌంట్ అయిన పెన్‌డ్రైవ్‌ను మొదటిది ఒక్కో జీబీ ఫైళ్లతో నింపుతుంది, రెండోది వాటిని చదివి ఎంత పాడైందో లెక్క చెబుతుంది. రెంటికీ మధ్య పెన్‌డ్రైవ్‌ను తీసి మళ్లీ పెట్టండి. లేకపోతే కొంత డేటాను లినక్స్ తన ర్యామ్‌లోని నకలు నుంచే చదివేసి తప్పుడు ధైర్యం ఇవ్వవచ్చు. ఓపిక కావాలి. సెకనుకు 10 ఎంబీ వేగంతో 256 జీబీ నింపడానికే 7 గంటలు దాటుతుంది. కొన్ని వందల రూపాయలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ అంటూ కనిపించే వాటికైతే ఈ పరీక్ష కూడా దండగ. ఆ పరిమాణంలో అసలువి లేవని కాదు, 2017లోనే కింగ్‌స్టన్ 2 టీబీది ప్రకటించింది. కాకపోతే వాటి ధరలు వందల్లో ఉండవు.

ఎఫ్3లోనే ఎఫ్3ఫిక్స్ అని మరొకటి ఉంది. అసలు చోటు వరకే పార్టిషన్ చేసి నకిలీని 32 జీబీ పెన్‌డ్రైవ్‌గా వాడుకోనిస్తుంది. నేనైతే ఆ పని చేయను. పరిమాణం విషయంలో అబద్ధమాడినవారు చిప్పు నాణ్యత విషయంలో నిజాయతీగా ఉంటారని నమ్మకం ఏముంది? పైగా దాన్ని సరిచేసుకుని వాడటం మొదలుపెట్టాక వాపసు అడిగే పట్టు మీకే సడలిపోతుంది.

అమాయకుల మీద నింద పడకూడదు కాబట్టి, నిజంగా సిస్టమ్ వల్లే మౌంట్ కాని సందర్భాలూ చెప్పాలి. ఎక్స్‌ఫ్యాట్ లినక్స్ కెర్నెల్‌లోకి 2019లో వచ్చిన 5.4తో ప్రయోగదశలో చేరింది, 5.7తో కుదురుకుంది. అంతకన్నా పాత సిస్టమ్ అయితే విడిగా ప్యాకేజీ వేసుకోవాలి. ఫ్రీబీఎస్‌డీలో ఈనాటికీ కెర్నెల్ బయట నడిచే ఫ్యూజ్ ఆధారిత ప్యాకేజీ కావాల్సిందే. అక్కడ డిస్కు పేరు డీఏ0లా, పార్టిషన్ డీఏ0ఎస్1లా ఉంటుంది. ఎస్‌డీబీ అని వెతికితే దొరకదు. 4 జీబీ దాటిన ఒకే ఫైలు ఎక్కకపోతే అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ పరిమితి, అమ్మినవారి పాపం కాదు. వీటన్నిటిలోనూ ఒక పోలిక గమనించండి. ఇబ్బంది మొదటి నుంచీ ఉంటుంది. మొదట చక్కగా మౌంట్ అయి, బాగా నింపి సక్రమంగా తీశాక మాయమైతే అనుమానం పెన్‌డ్రైవ్ మీదికి మళ్లాలి.

ఫిర్యాదుకు కాగితాలు సిద్ధం చేసుకోండి. ఎఫ్3ప్రోబ్ ఫలితం స్క్రీన్‌షాట్, డీమెసేజ్ వరుసలు, ప్యాకెట్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉంటే అదీ, అమ్మకపు పేజీలో 256 జీబీ అని రాసిన చోటు. ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ఉండి తీరాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. నాకు వచ్చిన ప్యాకెట్ మీద ఇవేవీ లేవు. ఆ ఫొటో కూడా జత చేశాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకపు వేదికకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అమ్మినవారితో వాదించడం మాని ఆ అధికారికే రాయండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు.

నా సొమ్ము వెనక్కి వచ్చింది. ఆ వస్తువు ఇంకా అమ్మకంలోనే ఉంది, కింద ఐదు నక్షత్రాల సమీక్షలు వరుసగా ఉన్నాయి. తొందరగా వచ్చింది, రంగు బాగుంది, చిన్నగా ముద్దుగా ఉంది అంటున్నారు. నింపి చూశామన్నవారు నాకు కనబడలేదు. మీ దగ్గర ఇలాంటిదే ఉంటే పరీక్షించి, ఫలితం బొమ్మతో సహా అక్కడే సమీక్ష పెట్టండి. ఎఫ్3ప్రోబ్ చూపిన రెండు అంకెలూ, చెప్పుకున్నదీ అసలుదీ, బొమ్మలో స్పష్టంగా పడేలా చూసుకోండి.