లగ్గాల నడుమ దొరికే కెమెరా: హనుమకొండలో ఒక కిరాయి దుకాణం

హనుమకొండ చౌరస్తా నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక పాత వాణిజ్య సముదాయం మొదటి అంతస్తులో కెమెరాలు కిరాయికిచ్చే దుకాణం ఉంది. నాలుగేళ్లలో నేను తీసిన మూడు లఘుచిత్రాల్లో మొదటిది ఫోనుతో తీయగా, మిగిలిన రెండూ ఈ దుకాణం సామానుతోనే పూర్తయ్యాయి. నిర్మాత అండ లేకుండా, జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో తొలి చిత్రాలు తీయాలనుకునేవారు వరంగల్‌లో ఏం దొరుకుతుంది, దేనికి హైదరాబాద్ పోవాలి అని తరచూ అడుగుతున్నారు కనుక, నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను. ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఈ దుకాణం బతికేది పెళ్లిళ్ల మీద. అక్కడి మంచీ చెడూ అన్నీ అందులోంచే వస్తాయి.

నేను తీసుకున్నది బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా 4కె. 2018లో ప్రకటించిన ఈ నమూనా తర్వాత అదే కంపెనీ నుంచి కొత్తవి చాలా వచ్చాయి. అయినా తొలి చిత్రాలకు దీన్ని మించినది మన ఊళ్లో నాకు దొరకలేదు. ఇందులో కదిలే మనిషిని వెంటాడే ఆటోఫోకస్ లేదు, చేతి కుదుపును సెన్సర్ (బొమ్మను పట్టే పలక) దగ్గరే ఆపే ఏర్పాటు కూడా లేదు. తాళి కట్టే క్షణాన్ని రెండోసారి తీయలేరు కాబట్టి పెళ్లి కెమెరామన్లు దీని జోలికి పోరు. అందువల్ల ఏడాదిలో చాలా రోజులు అది అలమారలోనే ఉంటుంది, మనం అడిగిన ధరకు వస్తుంది. పెద్ద సెన్సర్ ఉండే పూర్తి ఫ్రేమ్ సోనీ కెమెరాకు చెప్పిన కిరాయిలో సగానికే నాకు ఇచ్చారు.

దాని విలువ నాకు పరకాల దగ్గరి ఒక పల్లెలో తెలిసింది. మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఎండ కాస్తోంది, దర్వాజ లోపల అర్రలో ముసలమ్మ చీకట్లో కూర్చుని ఉంది; ఈ రెండూ ఒకే ఫ్రేములో కావాలి. ఫోనుతో తీసిన మొదటి చిత్రంలో ఇలాంటి చోట వాకిలి తెల్లగా పేలిపోయేది, లేదా ముఖం మసిబారిపోయేది. 13 స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) వెలుగునీడలను పట్టగలదని కంపెనీ చెప్పే ఈ కెమెరాలో, సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు అట్లాగే దాచే 12 బిట్ రా పద్ధతిలో రికార్డు చేసినప్పుడు, వాకిట్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపూ, ముసలమ్మ కంటి కింది ముడతా రెండూ నిలిచాయి. 400, 3200 అనే రెండు మూల ఐఎస్ఓలు (వెలుగుకు స్పందించే స్థాయిలు) ఉండటం వల్ల రాత్రిపూట ఒకే బల్బు వెలుగులో తీసిన సన్నివేశం కూడా ముతకబారలేదు. లైట్లు కిరాయికి తెచ్చుకునే స్తోమత లేనివారికి ఇది చిన్న విషయం కాదు.

లెన్సుల దగ్గర జాగ్రత్త అవసరం. దుకాణంలో ఉన్నవి ఎక్కువగా కెనాన్ ఈఎఫ్ లెన్సులు. ఈ కెమెరాకు లెన్సు బిగించే చోటు (మౌంట్) వేరే రకం, మైక్రో ఫోర్ థర్డ్స్. అడాప్టర్ ఇస్తారు కానీ, సెన్సర్ చిన్నది కావడంతో 50 ఎంఎం లెన్సు పూర్తి ఫ్రేమ్ కెమెరా మీది 100 ఎంఎం లాగా, అంటే దాదాపు రెట్టింపు దగ్గరగా కనబడుతుందని ముందుగా చెప్పరు. గిర్మాజీపేటలోని ఒక ఇరుకు ఇంట్లో గోడకు వీపు ఆనించి నిలబడినా నటుడి ముఖం తప్ప మరేదీ ఫ్రేములో పట్టక, ఆ రోజు సగం వృథా అయింది. ఇళ్లలో తీసేవారు వెడల్పుగా పట్టే 11-16 ఎంఎం లెన్సును పట్టుబట్టి అడగాలి.

శబ్దం విషయంలో మాత్రం ఈ దుకాణాన్ని నమ్ముకోవద్దు. పెళ్లి వీడియో మీద చివరికి పాటే వేస్తారు కాబట్టి మంచి మైకు మీద డబ్బు పెట్టవలసిన అవసరం వారికి ఎన్నడూ రాలేదు. ఈ కెమెరాకు మైకు తీగ గుచ్చే చిన్న ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రం ఉంది, మైకు పనిచేయడానికి కావలసిన 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) కూడా అదే ఇస్తుంది. కానీ దానికి కావలసిన తీగ దుకాణంలో లేదు. రెండో చిత్రానికి డబ్బింగ్ చెప్పించాను. చేనులో వంగి పత్తి ఏరుతూ మాట్లాడిన మనిషి ఆయాసం, గదిలో కూర్చుని చెప్పిన మాటలోకి రాదు. మన యాసలో మాట సాగే తీరు కూడా అందులో సగం పోయింది. ఆ చిత్రాన్ని ఇప్పుడు చూసినా నాకు అదే బాధ. మూడో చిత్రానికి ఆ తీగ, ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టే ఒక షాట్‌గన్ మైకు సొంతంగా కొనుక్కుని, వెదురు బొంగుకు కట్టి వాడాను. కొత్తగా మొదలుపెట్టేవారు కెమెరా కిరాయికి తీసుకుని, మైకు కొనుక్కోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇక అసలు చిక్కు రోజులది. నా కథ పత్తి చేను చుట్టూ తిరుగుతుంది. కాయలు పగిలి చేను తెల్లగా నిండేదీ, తొలి ఏరుడు జరిగేదీ కార్తీకం, మార్గశిరం రోజుల్లో. మన దగ్గర లగ్గాలు జోరుగా అయ్యేదీ అప్పుడే. కెమెరా ఖాళీగానే ఉంటుంది కానీ, అది వాడే ఎల్‌పీ-ఈ6 బ్యాటరీలే కెనాన్ కెమెరాలకూ కావాలి. నిండా ఛార్జి చేసిన బ్యాటరీ నాకు ముప్పావు గంటకు మించి రాలేదు. రోజుకు ఎనిమిది కావలసిన చోట రెండే చేతిలో పెట్టారు. “లగ్గాల దినాలల్ల గిట్లనే ఉంటది తమ్మీ, పుష్యంల రా, అన్నీ నీకే ఇస్త” అన్నాడు యజమాని. పుష్యంలో మాట ప్రకారం అన్నీ ఇచ్చాడు. కానీ అప్పటికి చేనులో మిగిలినవి మోడులూ, అక్కడక్కడా చివరి ఏరుడుకు ఉంచిన కాయలూ.

సత్యజిత్ రాయ్ 1952లో ‘పథేర్ పాంచాలీ’ మొదలుపెట్టినప్పుడు ప్రకటనల సంస్థలో ఉద్యోగం చేస్తూ సెలవు దినాల్లోనే చిత్రీకరించేవారు. రెల్లుపూల మధ్య తొలి సన్నివేశం కొంత తీసి, వారం తరువాత మళ్లీ వెళితే పూలన్నీ పశువులు మేసేశాయి. మరుసటి ఏడు పూచేదాకా ఆగవలసి వచ్చింది. ఆ చిత్రం 1955లో గానీ విడుదల కాలేదు. ఆ సంగతి తెలిసి ఉండటం వల్లనే నేను పుష్యం చేనుతో సరిపెట్టుకోలేదు. ఏడాది ఆగి, ఆరు బ్యాటరీలు సమకూర్చుకుని, మరో కార్తీకంలో వెళ్లి తెల్ల చేను తీశాను. ఆ ఏడాదిలో నటుడు గడ్డం తీసేసినందున రెండు సన్నివేశాలు మళ్లీ తీయవలసి వచ్చింది.

డిపాజిట్‌గా ఆధార్ నకలు, బండి ఆర్సీ, ఒక చెక్కు తీసుకుంటారు. ముందురోజు సాయంత్రమే సామాను ఇచ్చి, ఆ రాత్రికి కిరాయి వేయరు. తెల్లవారుజామున వెలుగు కావలసినవారికి ఇది ఎంతో మేలు. ఒకసారి ఇచ్చిన ఎస్‌ఎస్‌డీలో (దృశ్యాలు రికార్డు చేసే డిస్కులో) మాత్రం అంతకుముందు వారం ఎవరిదో పెళ్లి అట్లాగే ఉంది. చెరపడానికి మనసొప్పలేదు, మిగిలిన జాగాలో ఇరవై నిమిషాలే పట్టింది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, ఎక్కువ కుదించే 12:1 పద్ధతిలో కూడా గంట రికార్డుకు వంద జీబీ దగ్గర పడుతుంది కనుక, డిస్కును దుకాణంలోనే తెరిచి చూసుకుని తీసుకోవాలి. కెమెరా కొత్తది కొంటే ఎడిటింగ్ చేసి రంగులు దిద్దే డావిన్సీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ పూర్తి లైసెన్సు వస్తుంది, కిరాయికి రాదు. 3840x2160 పిక్సెళ్ల బొమ్మ వరకు దాని ఉచిత రూపమే సరిపోతుంది. నా రెండు చిత్రాలకూ రంగులు అందులోనే దిద్దాను.

శబ్దం, బ్యాటరీలు మన బాధ్యత అనుకోగలిగినవారికి ఈ దుకాణాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఆషాఢంలో, మూఢాల్లో వెళితే వరుసగా నాలుగు రోజులకు మూడు రోజుల కిరాయే తీసుకుంటారు, కుదుపు లేకుండా కెమెరాను నిలిపే గింబల్ అడిగితే ఊరికే ఇస్తారు. వచ్చే ఆషాఢానికి నేను ఆ నాలుగు రోజులూ చెప్పి పెట్టుకున్నాను. ఈసారి కథ నాట్ల గురించి, వాన పడుతుండగానే తీయాలి. కెమెరా మీద కప్పే తొడుగు వారి దగ్గర లేదు, అది కూడా కొనుక్కోవాలి.