ఈట్రెక్స్ 10: పాత సర్వేయరు చేతిలో కొత్త ఆట

మండల సర్వేయరుగా ముప్పై ఏళ్లు గొలుసు లాగినవాణ్ణి. ఒరెగాన్‌లో మా అబ్బాయి ఇంటికి వచ్చేసరికి మనవడు జియోకాషింగ్ పిచ్చిలో ఉన్నాడు. ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ పట్టుకుని వెతికే ఆట అది. అబ్బాయి సెకండ్ హ్యాండ్‌లో 60 డాలర్లు పెట్టి గార్మిన్ ఈట్రెక్స్ 10 అనే చేతి జీపీఎస్ యంత్రం కొనిచ్చాడు. ఆరు వారాలు వాడాం.

వేపాయింట్ అనగానే కొత్తవాళ్లు కంగారుపడతారు. మా లెక్కలో అది సర్వే రాయి. ఒక చోటు, దానికో పేరు, అంతే. రాయి దారి చెప్పదు కదా! ఇదీ అంతే, ఇంకా 140 మీటర్లని చూపిస్తుంది గానీ మధ్యలో వాగుందని చెప్పదు.

మొదట బీవర్‌క్రీక్ వెళ్లాం. 2000 మే 3న డేవ్ అల్మర్ మొట్టమొదటి డబ్బా పెట్టిన చోటు, ఇప్పుడక్కడ ఫలకం ఉంది. అంతకు ఒకటి రెండు రోజుల ముందే అమెరికా ప్రభుత్వం మామూలు జనం జీపీఎస్‌లో కావాలని కలిపే తేడాను ఆపేసింది. లేకపోతే ఈ ఆటే లేదు.

ఆ చోటు ఉత్తరం 45° 17.460, పశ్చిమం 122° 24.800. మనవడు ముందు ఫోన్ మ్యాపులో 45.17460, -122.24800 అని కొట్టాడు. పిన్ ఎక్కడో అడవిలో, సుమారు 18 కిలోమీటర్ల అవతల పడింది. "ఒరేయ్, 17.460 అంటే నిమిషాలు, డిగ్రీకి 60 నిమిషాలు. 60తో భాగించు, 0.291 వస్తుంది, అంటే 45.291" అన్నాను. ఈట్రెక్స్‌లో ఆ గొడవ లేదు, డిగ్రీలు, నిమిషాలు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించొచ్చు. యంత్రం మీదున్న జాయ్‌స్టిక్ లాంటి చిన్న పుల్లను గట్టిగా నొక్కి పట్టుకుంటే వేపాయింట్ పేజీ వస్తుంది. ఆ పుల్లతో ఒక్కో అంకె మార్చడం మాత్రం చిరాకు. వేపాయింట్లు రాసి ఉండే జీపీఎక్స్ ఫైలును కంప్యూటర్ నుంచి యూఎస్‌బీతో ఎక్కించడమే నయం.

పేర్లు మార్చకపోతే అది 001, 002 అని తనే పెట్టుకుంటూ పోతుంది. ఓ సాయంత్రం జల్లులో తడుస్తూ "003 కారా, 004 కారా?" అని తాతా మనవళ్లం కొట్టుకున్నాం. 003 వైపు నడిచాం. కారు 004. అప్పట్నుంచి దిగగానే కారుకు గుర్తు పెట్టి, పేరు రాశాకే అడుగు వేస్తున్నాం.

రంగుల తెర లేదు, ఎలక్ట్రానిక్ దిక్సూచి లేదు. నిలబడితే బాణాన్ని నమ్మకూడదు, నాలుగడుగులు నడవాలి. ఫర్ చెట్ల కింద చివరి పది మీటర్లలో యంత్రం జేబులో పెట్టి కళ్లతో వెతకడమే. రెండు పెన్సిల్ సెల్స్‌తో రోజంతా హాయిగా నడుస్తుంది. నేర్చుకునే పిల్లలకు ఇది చాలు.

నాకు బాగా నచ్చింది వేపాయింట్ యావరేజింగ్. ఒకే చోట గంటన్నరకోసారి చొప్పున నాలుగు నుంచి ఎనిమిది రీడింగులు తీసుకోమంటుంది, వాటి సగటు కడుతుంది. వచ్చే నెల మనవడు సొంత డబ్బా దాస్తాడట. ఒక్క రీడింగు చాలదా తాతయ్యా అంటున్నాడు. ఒక్క కొలతతో హద్దు రాయి పాతేసి వస్తే రైతులు నన్ను ఊళ్లోంచి కదలనిచ్చేవాళ్లా!